ఇరవై కిలోమీటర్ల ముగ్గు

నిన్న సాయంత్రం మా బ్లాకు పక్కనున్న మల్టీస్టోరీ కార్‌పార్క్ దిగుతుంటే, ముందు వెళ్తున్న కారులోంచి కాలిన బ్రేకుల వాసన వచ్చింది. పై అంతస్తు నుంచి కింది దాకా కాలు తీయకుండా బ్రేకు తొక్కుకుంటూ దిగినట్టున్నాడు మహానుభావుడు. ఇనుప పెనం మాడినట్టుండే ఆ వాసన తగిలితే నాకు సింహాచలం అంకులే గుర్తొస్తారు. ఆయనతో పాటు, పోయిన ఆదివారం ఆయన సంవత్సరీకం భోజనాల దగ్గర విన్న మాట కూడా గుర్తొచ్చి ఒళ్ళు మండింది. "పాపం, అంత దూరం జర్మనీ వెళ్ళి, తీరా గేటు దగ్గరకొచ్చేసరికి భయపడిపోయాడట. స్టీరింగు వదిలేసి దిగిపోయాడట." పప్పు వేసుకుంటూ ఒకరు చెప్పారు, వినపడని వాళ్ళ కోసం ఇంకొకరు మళ్ళీ చెప్పారు. సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో మా తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథ ఇదే. ఇది తప్పు. ఆ రోజు ఆ కారులో ఉన్నది ఇద్దరం. ఒకరు పోయారు, రెండోదాన్ని నేను. అడిగేదేదో నన్ను అడగాలి కదా.

ఈ కథకు మూలపురుషుడు మా ఆయనే. కంచె అవతల నిలబడి, యాభై గజాల దూరం నుంచి చూసి, తిరిగొచ్చాక అందరికీ చెప్పాడు. "నేను చూసిందే చెప్పాను" అంటాడు ఇప్పటికీ. చూసింది చెప్పడం వేరు, జరిగింది చెప్పడం వేరు అని ఇరవై నాలుగేళ్ళుగా ఆయనకు నేర్పలేకపోయాను.

సింహాచలం అంకుల్ మా కింది అంతస్తులో ఉండేవారు. ముత్తాతలెప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా కొబ్బరి తోటల్లోకి వలస వెళ్ళారు. అక్కడ పుట్టి, పాతికేళ్ళ వయసులో పని కోసం ఇటు వచ్చి, జురాంగ్ ఐలాండ్‌లో ఆయిల్ ప్లాంటుకు ట్యాంకర్ లారీలు నడిపి, తర్వాత కొత్త ట్యాంకర్ డ్రైవర్లకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఊరు కళ్ళతో చూడకపోయినా ఆయన తెలుగు మాత్రం మా విశాఖ పల్లెల్లో మా నాన్నమ్మ తరం మాట్లాడినట్టుండేది, మధ్యమధ్య మలయ్ మాటలతో. వాళ్ళ హాల్లో దేవుడి పటం పక్కన ఒక వంకరటింకర గీత ఫ్రేము కట్టి ఉండేది. మొదటిసారి చూసి ఏ నదో అనుకున్నాను. అది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్. రేసుల కోసం కొండల్లో, అడవుల్లో వేసిన రోడ్డు. ఇరవై కిలోమీటర్లకు పైగా పొడవు, డెబ్బైకి పైగా మలుపులు. రేసులు లేనప్పుడు గేటు తెరుస్తారు, లైసెన్సు ఉన్న ఎవరైనా టికెట్టు కొని ఒక చుట్టు నడుపుకోవచ్చు. ప్లాంటులో పనిచేసిన ఒక జర్మన్ ఇంజినీరు వెళ్ళిపోతూ ఆ మ్యాపు ఇచ్చాడట. "ఒక్క సుట్టు. సచ్చీలోగా ఒక్క సుట్టు నడపాల" అనేవారు అంకుల్, కాఫీ తాగుతూ దాని వంక చూసి.

నా సంగతి వేరు. విశాఖలో డిగ్రీ చదివే రోజుల్లోనే కారు నేర్చుకున్నదాన్ని. ఇక్కడికొచ్చిన కొత్తలో, వానలో, ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక లారీకి రాసుకుపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత పదకొండేళ్ళు స్టీరింగు ముట్టలేదు. ముట్టనిదాన్ని ఊరుకోవచ్చు కదా, వెనక సీట్లో కూర్చుని అందరి డ్రైవింగునూ ఉతికి ఆరేసేదాన్ని. ఒకసారి అంకుల్ మమ్మల్ని గుడికి తీసుకెళ్తుంటే, ఎర్ర లైటు దగ్గర ఆయనకే పాఠం చెప్పబోయాను. అద్దంలోంచి నన్ను చూశారు.

"నోటితో బాగా నడుపుతున్నావే గుంటా. కాలితో ఎప్పుడు?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకు ఎదురు మాట దొరకలేదు. నలభై ఏడేళ్ళ దాన్ని పట్టుకుని చిన్నపిల్లలా గుంటా అన్నందుకు కాదు, మాట నిజమైనందుకు.

రెండేళ్ళ తర్వాత మా ఆయనకు ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళాల్సి వచ్చింది, నన్నూ రమ్మన్నాడు. ఆ కబురు విన్న సాయంత్రమే అంకుల్ పైకొచ్చి తలుపు కొట్టారు. చేతిలో ఆ ఫ్రేము. "నానూ ఒస్తాను. నాను తిప్పుతాను, నువ్ పక్కన కూకొని మలుపులు సెప్పు. ఈ వయసులో నా బుర్రలో అన్ని మలుపులు నిలవవమ్మా. నీ నోరైతే ఆగదు." పొగిడారో తిట్టారో తేల్చుకునే లోపే ఒప్పుకున్నాను.

ఆయనకు ట్యాంకర్ల రోజుల నుంచి ఒక పద్ధతి ఉంది. కొత్త దారిలో బండి ఎక్కే ముందు డ్రైవరు ఆ దారి మొత్తం కాగితం మీద, కలం ఎత్తకుండా గీసి చూపించాలి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ దారి రానట్టే, ఆ రోజు తాళం ఇచ్చేవారు కాదు. నన్నూ గీయమన్నారు. కాగితం మీద నాలుగు రోజులు గీసి విసుగెత్తి, "ముగ్గైతే గీస్తాను" అన్నాను ఎగతాళిగా. "బోలె, అదే సెయ్యి" అన్నారు ఆయన. బోలె అంటే సరే, కుదురుతుందని. ఎగతాళి చేసినందుకు మూడు నెలలు రోజూ పొద్దున్నే మా గుమ్మం ముందు వరండాలో బియ్యప్పిండితో నూర్‌బర్గ్‌రింగ్ ముగ్గు వేశాను. ఎదురింటి చైనీస్ ఆంటీ వారం రోజులు చూసి, ఇది ఏ దేవుడిదని అడిగింది. మా దేవుడు కాదు, జర్మనీ దేవుడన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ దాన్ని తొక్కకుండా పక్క నుంచి వెళ్ళేది.

అంతటితో అయిందా? అక్కడ డ్రైవరు సీటు ఎడమ వైపు. మనం ఎడమ పక్కన నడుపుతాం, వాళ్ళు కుడి పక్కన. వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్ళకు కుడికి జరిగి దారివ్వాలి. "అవన్నీ నడిపేవాళ్ళకు కదా అంకుల్, నాకెందుకు?" అన్నాను. "నోటికి కాలి కష్టం తెలవాల లా" అన్నారు, చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి. ఎరుపు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి స్టీలు పళ్ళెం ఇచ్చి, కుడి పక్కన గేరుకు గరిటె నిలబెట్టి తిప్పించారు. ఆదివారాలు ఆయన పాత కారులో లిమ్ చు కాంగ్ వైపు ఖాళీ రోడ్ల మీదకు తీసుకెళ్ళి స్టీరింగు నాకిచ్చేవారు. మొదటి రోజు చేతులు చెమటతో జారిపోయాయి. ఒక లారీ వెనక నుంచి వస్తే రోడ్డు పక్కకు తీసి ఆపేసి, ఏడుపు రాకుండా లారీవాణ్ణి తిట్టాను. ఆయన తిట్లన్నీ అయిపోయే దాకా ఆగి, "ఐందా? ఇంక పోనీ. పెలన్ పెలన్" అన్నారు. మెల్లమెల్లగా అని. ఆ మాట తప్ప మూడు నెలల్లో ఆయన నాకు ధైర్యం చెప్పడానికి ఇంకో మాట వాడిన గుర్తు లేదు.

జర్మనీలో ఆ ట్రాక్ దగ్గరి కార్‌పార్క్‌లో దిగగానే అదే వాసన, కాలిన బ్రేకులది. చుట్టు ముగించి వచ్చిన కార్లు వరసగా నిలబడి వేడి కక్కుతున్నాయి. మేం తీసుకున్నది, ఆ ట్రాక్ మీద నడపడానికే అద్దెకిచ్చే చిన్న కారు. కాగితాల మీద నా పేరు కూడా రెండో డ్రైవరుగా రాయించారు అంకుల్. "ఎందుకైనా మంచిది." మా ఆయన కంచె దగ్గర కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. అంకుల్ స్టీరింగు ముందు, నేను పక్కన, మలుపులన్నీ నాలిక చివర. వరసలో చేరే ముందు ఆయన కారును పక్కకు తీసి ఆపారు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీశారు.

"దిగమ్మా. అటు ఎల్లు."

"ఎటు?"

"ఆ సీట్లోకి. నువ్ తిప్పు, నాను సెప్తాను."

"మీకేమైనా మతి పోయిందా అంకుల్? మీ చుట్టు ఇది. ముప్పై ఏళ్ళ నుంచి గోడకు కట్టుకున్నారు."

"గోడకి కట్టుకున్నాను గాని, ముగ్గు ఎయ్యలేదు కదా నాను."

నా జీవితంలో ఎదురు మాట దొరకని రెండో సందర్భం అది. రెండూ ఆయన దగ్గరే. మా ఆయన చూసింది ఇంతే: ముసలాయన దిగాడు, సీటు మారాడు. ఆయన చెయ్యి తలుపు మీద ఎంత నిదానంగా ఉందో అంత దూరానికి కనపడదు. పట్టుకుని చూసినదాన్ని నేను. పొడిగా, చల్లగా ఉంది. చెమట పట్టింది నా చేతికి. దానికి తోడు, వెనక సీట్లో ఉన్న తన సంచిలోంచి ఒక దిండు తీసి డ్రైవరు సీట్లో నాకు వేశారు. ఆయన ఆరడుగుల మనిషి, ఆయనకు దిండు దేనికి? నేను అయిదడుగులు కూడా లేను.

గేటు దాటిన నిమిషంలోనే అద్దంలో ఒక కారు మెరుపులా కనపడింది. కుడికి జరుగుతున్నానని సిగ్నల్ వేయబోయి వైపర్లు వేశాను. మన కార్లలో ఆ పుల్ల కుడి చేతి వైపు, అక్కడ ఎడమ చేతి వైపు. నిక్షేపంగా ఎండ కాస్తుంటే వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. అంకుల్ కిలకిలా నవ్వి, "ఆడు దడుచుకుంటాడులే, పోనీ" అన్నారు. ఆ తర్వాత మలుపులు మొదలుపెట్టారు. "ఎడమకి దిగుడు. ఇప్పుడు కుడి, కుడి, ఆగకు. మిట్ట ఉంది, అవతల కనపడదు, నమ్ము." కాగితం లేదు, ఫ్రేము లేదు. ఒక్క మలుపు తప్పలేదు, తడుముకోలేదు. బుర్రలో నిలవవన్న మనిషి. గిన్నెలా వంగిన కాంక్రీటు మలుపులోకి దిగినప్పుడు నా పళ్ళు టకటకలాడాయి, ఆయన గొంతు మాత్రం కాఫీ తాగుతున్నట్టే ఉంది. మోటారు సైకిళ్ళు దాటాయి, కార్లు దాటాయి, పిల్లల సైకిళ్ళు వెనక కట్టుకున్న ఒక వ్యాను కూడా దాటింది. నేను అన్నింటికీ కుడికి జరిగాను. భయం మూడో వంతు దారి దాకా నాతోనే ఉంది. తర్వాత ఎక్కడ దిగిందో చూసుకోలేదు.

కారు ఆపాక అడిగారు. "ఎంతమంది దాటేరు?"

"అందరూ."

"ఎవడికన్నా అడ్డం ఒచ్చేవా?"

"లేదు."

"అయితే బాగా నడిపినట్టే."

ఇప్పుడు మీరు వెళ్ళండి, ఇంకో టికెట్టు తీసుకొస్తానన్నాను. గేటు మూయడానికి ఇంకా బోలెడు టైముంది. ఆయన సంచిలోంచి సాంబల్ కారం సీసా తీసి, "ముందు మకాన్" అని కేంటీన్ వైపు నడిచారు. మకాన్ అంటే తిండి. ఆలుగడ్డ వేపుళ్ళ మీద సాంబల్ పోసుకుని తృప్తిగా తిన్నారు. తిన్నాక మళ్ళీ అడిగాను. "కడుపు నిండింది, కళ్ళు మూతలు పడతన్నాయి" అన్నారు. ఎందుకు నడపలేదని విమానంలో అడిగాను, నిద్ర నటించారు. ఇక్కడికొచ్చాక ఎన్నిసార్లు అడిగినా ఆ ఫ్రేము వంక చూసి నవ్వేవారే గాని చెప్పలేదు. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే పోయారు.

ఇప్పుడు ఆ ఫ్రేము మా హాల్లో ఉంది. ఆయన కూతురు ఇచ్చింది. రోజూ ఆఫీసుకు తంజోంగ్ పగార్ దాకా నేనే నడుపుకుంటూ వెళ్తాను. వెనక ఎవరు తొందరపడినా దారిస్తాను, తిట్టడం మాత్రం మానలేదు. ఆదివారం పొద్దున్న ఆ ముగ్గు వేస్తాను, చెయ్యి ఎక్కడా ఆగదు.

ఆయన భయపడలేదనడానికి దిండు ఒక్కటి చాలు. ఆ దిండు సింగపూర్‌లోనే సంచిలో పెట్టారు. కానీ ఆయన పోయాక ఆ సంచి సర్దుతూ ఆయన కూతురు నాకింకొకటి చూపించింది. డ్రైవింగుకు వేసుకునే కొత్త తోలు గ్లవ్స్, ట్యాగు కూడా తీయలేదు. సైజు ఆయనది. నాతో ఎవరు వాదించినా గెలుస్తాను, ఆ గ్లవ్స్‌తో మాత్రం గెలవలేకపోతున్నాను. దిండూ గ్లవ్సూ ఒకే సంచిలో పెట్టుకుని బయల్దేరారు కదా అంకుల్, నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టాలని మీరు ఎప్పుడు అనుకున్నారు?