మా పెరటి గడిలో తొమ్మిది

ఆ పటం కంప్యూటరు వేసింది. అంచుల వెంట రంధ్రాలున్న పొడవాటి కాగితం మీద ఆదోని ఊరంతా చిన్న చిన్న గడులుగా అచ్చయింది. గీతలు లేవు, రంగులు లేవు, గడికొక అంకె ఉంది. సున్నా అంటే అక్కడి భూమిలో నీళ్ళకు నైట్రేటు అంటలేదని. తొమ్మిది అంటే ఆ నీళ్ళు పసిపిల్లలకు పట్టకూడదని. మా పెరటి బావి ఉన్న గడిలో తొమ్మిది ఉంది.

ఎనభైల చివర్లో, పత్తి మార్కెట్ వెనక ఒక అద్దె గదిలో నిలబడి దాన్ని చూశాను. అప్పటికి నా చెల్లెలి తొలిబిడ్డ పోయి పదేళ్ళు దాటింది. ఆ కాగితం ఎమ్మిగనూరుకు తీసుకుపోయి చెల్లెలికి చూపించాలా, మడిచి పెట్టెలో పడేయాలా అన్నది నెల రోజులు తేల్చుకోలేకపోయాను.

డెబ్భైల నడుమ దాకా మా వీధిలో ఉన్నవి పాకీదొడ్లే. పొద్దున్నే ఒక ముసలావిడ వెనక సందులోంచి వచ్చి, రేకుతట్టలోకి ఎత్తుకుని, తల మీద పెట్టుకుని పోయేది. వానాకాలంలో ఆ తట్ట ఆమె మొహం మీదికి కారేది. మనిషి మలం మనిషి మోయడమేమిటని నేను సభల్లో మాట్లాడాను, పెద్దలతో పోట్లాడాను, సెప్టిక్ ట్యాంకులు కట్టుకోమని ఇంటింటికీ తిరిగాను. మొదటిది మా ఇంట్లోనే కట్టించాను. పెరడు ఇరుకు. బావికి ఎగువన, నాలుగు బారల దూరంలో ట్యాంకు, దాని పక్కన నీళ్ళు ఇంకే గుంత. కొన్నేళ్ళలో వీధి వీధంతా తవ్వించుకుంది. ఆ తట్ట దిగింది. అందుకు ఈ రోజుకీ నేను పశ్చాత్తాపపడను. కానీ గుంతలో ఇంకిన నీళ్ళు ఎటు పోతాయని మాలో ఒక్కరూ అడగలేదు. మా ఊళ్ళో పైన కాస్త మట్టి, దాని కింద పగుళ్ళు పట్టిన రాయి.

ఆ రోజుల్లోనే చెల్లెలు తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఆమె అత్తవారిది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. ఆడపిల్ల పుట్టింది. నెల తిరగకముందే చెల్లెలికి టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాయి. డబ్బాపాలు కలిపి పట్టేవాళ్ళం. బావి నీళ్ళు కాచి చల్లార్చి కలపాలన్నది నేను పెట్టిన నియమం. ఎంతసేపు కాగాయో చూసుకోవడానికి వంటింట్లో గడియారం కూడా పెట్టించాను.

రెండో నెలలో బిడ్డ పెదవులు, గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరిగాయి. నామకరణానికి ఎమ్మిగనూరు తీసుకుపోతే ఎనిమిది రోజుల్లో మామూలు రంగుకు వచ్చింది. మా ఇంటికి తెచ్చిన మూడో రోజుకు మళ్ళీ నల్లబడింది. ఆసుపత్రిలో సూదితో తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంది. గుండె లోపం కావచ్చు, కర్నూలులో చూపించండి అన్నారు.

పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది. బీడీలు చుట్టేది. వీధి పిల్లలందరికీ ఆమె దాదీ, నాకూ అంతే. బిడ్డను చూడడానికి వచ్చి గడప మీద కూర్చుంది.

“వాళ్ళూరికి పంపీయప్పా బిడ్డను. ఆడుంటే బాగుండె. ఈడికొచ్చినాక మళ్ళా నల్లబడె. ఈ నీళ్ళు ఈమెకు పడల్యా.”

“నీళ్ళకు బిడ్డ మీద పగేమన్నా ఉందా దాదీ? వాళ్ళు తాగేది కాలవ బురద. మేం పోసేది అద్దమట్లా ఉండే బాయి నీళ్ళు. అదీ మరగబెట్టి.”

చూడడానికి వచ్చిన నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

“నవ్వప్పా, నవ్వు. పండ్లుండేవాళ్ళు నవ్వల్ల,” అంది ముసలమ్మ లేస్తూ. “ఇంత సదివినావు. రోంత సూసుంటే బాగుండు.”

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “పది దినాలు పంపితే పొయ్యేదేముందిరా?”

“ఈ పొద్దు నీళ్ళు పడలేదంటారు. రేపు దిష్టి అంటారు. ఎల్లుండి తాయెత్తు కట్టమంటారు. ఆసుపత్రి ఈడ ఉంది, బిడ్డ ఈడే ఉంటుంది.”

చెల్లెలు మంచం మీద పడుకుని ఉంది. బిడ్డ గోళ్ళు చూసుకుంటోంది.

ఆ వారం బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళలో క్రిములుంటాయన్నది నేను చదువుకున్న సంగతి. నీళ్ళు సగం ఇగిరేదాకా కాచమన్నాను. అలాగే కాచారు. మూడో నెల నిండిన కొన్నాళ్ళకు, కర్నూలు పోదామని బస్టాండుకు జట్కా పిలుచుకొచ్చేలోపు, ఒక మధ్యాహ్నం బిడ్డ పోయింది. గుండె లోపమని అందరికీ నేనే చెప్పాను. అలా అనుకునే బతికాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు భూగర్భ జలాల ఇంజనీరొకాయన మా ఊరికి వచ్చాడు. కోస్తా మనిషి. ఏ ఇంట్లో గుంత ఎప్పుడు తవ్వారో చెప్పగల మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో నన్ను చూపించారు. నాకు తెలియకేం, చాలా గుంతలకు కారణం నేనే. రెండు నెలలు ఇద్దరం టేపు పట్టుకుని తిరిగాం. బావిలోకి తాడు వదిలి నీటి మట్టం చూశాం. మునిసిపాలిటీ పటం మీద గుంతలకు చుక్కలు, బావులకు సున్నాలు పెట్టాం. నేల వాలు, మట్టి లోతు, ఇంట్లో ఎంతమంది అన్నవి గడి గడికీ రాసుకున్నాం. ఇవన్నీ ఇస్తే నేల కింద నీళ్ళు ఎటు కదులుతాయో, గుంతల్లోని నైట్రేటు ఏ బావిదాకా వస్తుందో ఆయన కంప్యూటరు ప్రోగ్రాము లెక్క కట్టేది.

“ఇది కొలత కాదండీ, అంచనా మాత్రమే. తప్పయినా కావచ్చు,” అన్నాడు తన అద్దె గదిలో పటం నా చేతిలో పెట్టి.

తప్పయితే బాగుండుననుకున్నాను. కొన్ని బావుల నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపాం. మా బావిది అంచనాకు తగ్గట్టే వచ్చింది. ఈ నీళ్ళతో పాలు కలిపితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేదని, ఒళ్ళు నీలంగా మారుతుందని ఆయన పాఠం చెప్పినట్టు చెప్పాడు.

“మరగబెడితే పోదా?” అని అడిగాను.

“పోదండీ. నీళ్ళు ఆవిరైపోతాయి, అది మిగులుతుంది. కాచేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.” టేపు చుట్టుకుంటూ అన్నాడు. నా సంగతి ఆయనకు తెలియదు.

దాదీని క్షమాపణ అడుగుదామంటే ఆమె అప్పటికే పోయింది.

నెల తర్వాత ఎమ్మిగనూరు బస్సెక్కాను. చెల్లెలు వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కాగితం నేల మీద పరిచాను.

“ఇందులో మన బాయి యాడుందన్నా?”

చూపించాను. తొమ్మిది అంటే ఏమిటో చెప్పాను. సగం ఇగిరేదాకా కాచమనడం వల్ల ఏమైందో అదీ చెప్పాను. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టింది.

“ఈ లెక్కలు నాకు తెల్దు. నీళ్ళేనని మాత్రం అప్పుడే తెలుసు,” అంది. “ఈడ బాగుండె, ఆడ నల్లబడె. తల్లిని, సూస్తానే ఉంటి గదా. అందుకే తర్వాత ఇద్దరినీ ఈడనే కంటి. అమ్మ ఎంత పిలిచినా రాకపోతి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“దాదీని నవ్వినావు. నన్నూ నవ్వుతావనుకుంటి.” తెగిన దారం ముడి వేసింది. “నువ్వు నవ్వితే నవ్వినావులే అని ఆ పొద్దే బిడ్డను ఎత్తుకుని బస్సెక్కాల్సింది. అది నా తప్పు.”

నీది కాదు, నాది అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అన్నం పెట్టింది.

“మన వీధిలో ఇప్పుడు పసిబిడ్డలుండారా?”

“మూడిండ్లల్లో ఉండారు.”

“ఈ కాగితం వచ్చి ఎన్నాళ్ళాయె?”

“నెల.”

ఆమె నా వైపు చూసిన చూపును ఇప్పటికీ తప్పించుకోలేను. నా ముందున్న పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

“లెయ్ అన్నా. నాలుగు గంటలకు బస్సుంది.”