నేను చెరపని సుద్దగుర్తు

ఒక మనిషి చెయ్యి విరిగిన చప్పుడు ఏళ్ళ తరబడి నా చెవిలో ఉంది. ఎండుకట్టె విరిగినట్టు ఉండదది. తడిగుడ్డలో చుట్టి ఏదో విరిచినట్టు ఉంటుంది. రోజూ డైరీ రాసుకునేదాన్ని. ఆనాటి పేజీలో మాత్రం ఎండ ఎక్కువగా ఉందని రాసి ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గనిలో పైకప్పు కూలి నాన్న చనిపోయాడు. ఆయన కొలువును మా అక్క భర్తకిచ్చారు. కొలువుతోపాటు గోదావరిఖనిలోని మా క్వార్టరూ, అమ్మా, నేనూ బావ చేతికి వచ్చాం. బావ అక్కను కొట్టేవాడు. కారణం వెతుక్కునేవాడు కాదు. షిఫ్టు దిగి వచ్చి కాళ్ళు కడుక్కున్నంత మామూలుగా కొట్టేవాడు. జుట్టు పట్టి ముఖాన్ని గోడకేసి కొట్టిన రోజు, అమ్మ ఆ గోడ మీది రక్తాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, చదువుకోమని నాకు కళ్ళతోనే చెప్పింది. నేను నిజంగానే పుస్తకం తెరిచాను.

ఆ గోడకు అవతలి క్వార్టరులో దేవదానం ఉండేవాడు. బాబాయి వరసలో కాక అని పిలిచేదాన్ని. గనిలో ఫిట్టరు. అక్క ఏడుపు హద్దు దాటితే ఆయన అటువైపు నుంచి గోడను పిడికిలితో గుద్దేవాడు. మాట మాత్రం అనేవాడు కాదు. ఆ గుద్దు వినపడితే బావ చెయ్యి ఆగేది. సిగ్గో, భయమో. ఆగేది, అంతే నాకు తెలుసు.

ఆ ఏడు బావ ఒక ఆఫీసరు వదిలించుకున్న పాత మోటారుసైకిలు కొన్నాడు. దాని కాగితాల గడువు తీరిపోయింది. నెలకోసారి మైదానానికి వచ్చే బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటే తప్ప అది రోడ్డెక్కకూడదు. అంతంత పాత బళ్ళు ప్రతిసారీ ఎలా పాసవుతాయని మా కాలనీలో ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ముందురోజు దేవదానం కాక విప్పి బిగిస్తే చాలు. ఆయన చెయ్యిపడ్డ బండి వెనక్కి రాదని పేరు.

బండి పాసైతే అక్కను కమాన్‌పూర్ అవతల తన ఊరికి, పొలం మధ్యనున్న ఇంటికి మారుస్తానన్నాడు బావ. తను రోజూ బండి మీద డ్యూటీకి వస్తాడట.

"ఆడ గోడలు గుద్దేటోళ్ళు ఎవ్వరు లేరు" అన్నాడు అక్కతో, అన్నం కలుపుకుంటూ.

కాకకు ఈ సంగతి తెలియదు. ముందురోజు సాయంత్రం మా వాకిట్లో కూర్చుని బండినంతా చూశాడు. చివరికి వెనక బ్రేకు దగ్గర సుద్దముక్కతో తన గుర్తు పెట్టాడు. అది గని అలవాటు. చూసినవాడు గుర్తు పెడతాడు. ఆ తర్వాత వేరెవరు ముట్టుకున్నా ముందు ఆ గుర్తు చెరిపెయ్యాలి. లేకపోతే జరిగినదానికి గుర్తు పెట్టినవాడే జవాబుదారీ. నాన్న బతికుండగా ఎన్నోసార్లు చెప్పిన మాట ఇది.

మర్నాడు బావ నైట్‌షిఫ్టు నుంచి వచ్చి నిద్రపోతున్నాడు. అమ్మా, అక్కా నీళ్ళకు నల్లా దగ్గరికి పోయారు. బ్రేకు రాడ్డు చివర చేత్తో తిప్పే నట్టు ఉంటుంది. కాక బిగిస్తుంటే చూశాను. వెనక్కి తిప్పాను. ఊడిపడకుండా, అసలు బ్రేకే పట్టనంతగా వదులు చేశాను. పక్కనే తెల్లగా సుద్దగుర్తు. వేలు దాని దాకా వెళ్ళింది. చెరిపితే ఎవరో ముట్టారని తెలుస్తుంది. ఎవరు ముట్టారని అడుగుతారు. ఇంట్లో మేలుకుని ఉన్నది నేనే.

వేలు వెనక్కి తీసుకున్నాను. నట్టు విప్పినందుకు ఇప్పటికీ నాకు పెద్దగా బాధ లేదు. ఆ వేలు వెనక్కి తీసుకున్నందుకే.

కాగితాల్లేని బండి నడుపుతూ కంటబడకూడదని బావ దాన్ని మైదానం దాకా తోసుకుపోయాడు. కాక కూడా వెళ్ళాడు. బావకు గిన్నెలో అన్నం తీసుకుని వెనకే నేను. ఇన్‌స్పెక్టరు మనిషి బండెక్కి కొంతదూరం పోనిచ్చి వెనక బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. సాగిపోయి ఖాళీ తారుడ్రమ్ముకు గుద్దుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇది బండి కాదు, తాడు తెగి పట్టాల మీద జారే బొగ్గుటబ్బు అన్నాడెవరో. ఇన్‌స్పెక్టరు వచ్చే నెల రమ్మని జీపెక్కి వెళ్ళిపోయాడు.

బావ నవ్వలేదు. వంగి సుద్దగుర్తు చూశాడు.

"గుర్తు నీదేనా?"

"నాదే" అన్నాడు కాక.

మొదటి తన్ను పొట్టలో పడింది. కాక మోకాళ్ళ మీద కూలాడు. బావ గని బూటుతో ముఖం మీద తన్నాడు. పళ్ళూ రక్తమూ మట్టిలో పడ్డాయి. ఆయన కుడిచేతి మణికట్టును బూటుకాలితో తొక్కిపట్టి, బండి పక్కనున్న పెద్ద పానా తీసుకుని వేళ్ళ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. వేళ్ళు నలిగాక మణికట్టు పైన కొట్టాడు. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. నలుగురు పట్టి లాగితే గానీ బావ వదల్లేదు.

నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఎందుకు రాలేదు? భయమని రాసుకోవాలని ఉంది. భయం ఉంది కూడా. కానీ ఆ దెబ్బలు పడుతున్నంతసేపూ, ఇవి అక్క మీద పడటం లేదన్న నెమ్మది ఒకటి నాలో ఉంది. బావ చేతులు ఈయన మీదే అలిసిపోనీ అనుకున్నానా? అనుకున్నాను. గోడ గుద్ది మమ్మల్ని కాపాడిన ఆ చేతి మీద దెబ్బలు పడుతుంటే అలా అనుకున్నాను.

పెద్దమనుషులు కూర్చుని ఇద్దరికీ సర్దిచెప్పారు. అమ్మ గంజి కాచి ఇస్తే, దవాఖానలో ఉన్న కాకకు తీసుకెళ్ళాను. కాక ముఖం ఉబ్బి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. నన్ను చూసి రెండో కన్నుతో నవ్వబోయాడు.

"బిడ్డా, పండుకుంటే అదే యాదికొస్తాంది. నట్టు బిగించిన్ననే అనుకుంటున్న. మరి మరిచిన్నో ఏమో. నువ్వు ఆన్నే ఉంటివి గద. నేను బిగించిన్నా?"

ఆయన నన్ను అనుమానించి అడగలేదు. తన మీద తనకే నమ్మకం పోయి అడిగాడు. సాక్ష్యం కోసం నా ముఖంలోకి చూశాడు.

"నేను సూడలే కాక" అన్నాను. అక్కడితోనైనా ఆగలేదు. "మరిచిపోయినవేమో" అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితది, వయసు మీద పడ్డది" అని గంజి తాగాడు, ఎడమచేత్తో, వొలికించుకుంటూ.

కుడిచెయ్యి మళ్ళీ బాగుపడలేదు. ఫిట్టరు పని తీసేసి, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో కూర్చోబెట్టారు. అక్కడ కూడా ఇచ్చిన దీపాన్నే వెనక్కి తీసుకుని మళ్ళీ మళ్ళీ చూస్తాడని, కార్మికులు విసుక్కునేవారని విన్నాను. ఆ తర్వాత మా గోడ మోగలేదు. అక్క ఎంత అరిచినా మోగలేదు. మరుసటి నెల ఇంకెవరో బండి బాగుచేస్తే పాసయింది. బావ అక్కను తన ఊరికి తీసుకుపోయాడు. ఎప్పుడైనా వస్తే చీర కొంగు రెండు భుజాల మీదా కప్పుకుని కూర్చుంటుంది. ఏ ఎండాకాలమైనా సరే.

దేవదానం కాక ఇప్పుడు కొత్తగూడెంలో కూతురి దగ్గర ఉన్నాడు. బతికే ఉన్నాడు. బస్సెక్కితే సాయంత్రానికి చేరతాను. ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఆయనతో అనాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను.

కాకా, నువ్వు బిగించినవు. నేను సూసిన. నేనే విప్పిన.

రాసి, పక్కన పెట్టి, అన్నం తిన్నాను. గొంతు దిగింది.