కారులో బూస్ట్ మీటరు

ఫోనులో టైపు చేయడం నాకు సరిగా రాదు. అక్షరాలు తప్పుంటే మన్నించండి.

ఎత్తు ఎక్కేటప్పుడు మా డీజిల్ కారు లాగడం లేదని నెల నుంచి చెబుతున్నాను. కారు బాగానే ఉంది, నీ కాల్లోనే బలం తగ్గింది, ఇక నడపొద్దని మా అబ్బాయి తాళాలు అడిగాడు. ఇవ్వలేదు. ఈ రోజు వాణ్ణి వెంటబెట్టుకుని అద్దంకి వెళ్ళాను. టర్బో ఇంజన్లోకి ఎంత గాలి తోస్తుందో చూపించే బూస్ట్ మీటరు బిగించమన్నాను.

మెకానిక్ మస్తాన్ నవ్వాడు. "ఈ వయసులో రేసులకేమన్నా పోతావా బాబాయ్?"

"మిరపకి మందు కొట్టే పంపుకే మీటరు చూస్తామే! కారుకి చూస్తే తప్పేంట్రా? బిగించు."

బిగించాక నడిపి చూశాం. ఎంత తొక్కినా ముల్లు సగం దాటలేదు. మందు పంపుకి చేసినట్టే టర్బో గొట్టానికి సబ్బు నురుగు పూయించి, ఎక్సలేటరు తొక్కాను. క్లిప్పు పక్కన బుడగలు లేచాయి. గొట్టం చీలిపోయి ఉంది.

కొత్త గొట్టం వేశాక కనిగిరి వైపు ఎత్తు ఎక్కించాను. ముల్లు జామ్మని లేచింది.

"ముల్లు చూసింది చాలు, రోడ్డు చూడు నాన్నా" అన్నాడు మా వాడు. తాళాల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా ఇవ్వను.

మిమ్మల్నీ ఎవరన్నా తాళాలు అడిగారా? ఏం చెప్పారో తొందరగా రాయండి.