తోడేలు వన్నె కుక్కపిల్ల

మా అవ్వ గుర్వమ్మకు మనుషుల చుట్టరికాలు అంతగా గుర్తుండేవి కావు. నన్ను పిలవాలన్నా ముందు ఇద్దరు మనవళ్ల పేర్లు దాటి రావాలి. మంద కుక్కల చుట్టరికం మాత్రం నాలుగు తరాల దాకా తడుముకోకుండా చెప్పేది. ఆ జ్ఞాపకం ఎక్కడ మొదలైందో చెబుతాను.

నిజాం జమానాలో, నారాయణపేట పక్క పల్లెలో, ఆమెకు ముప్పయ్యేళ్లప్పటి సంగతి ఇది. నేనింకా పుట్టలేదు. ఆమె చెప్పగా చెప్పగా చూసినట్టే అయిపోయింది. ఆ ఏడు మా గొర్రెల మందను కాసే కుక్క ఐదు పిల్లలను పెట్టింది. తల్లీ తండ్రీ రెండూ బొగ్గులా నల్లనివి. పిల్లల్లో నాలుగు నల్లవే. ఐదోది బూడిద రంగు, వీపు మీద నల్లచార, అచ్చం తోడేలు.

మా ఇంట్లో అప్పుడొక పట్టింపు ఉండేది. నల్లకుక్కకు అలాంటి పిల్ల పుడితే తల్లి అడవికి పోయి తోడేలుతో కలిసినట్టే. ఆ పిల్ల పెరిగితే తన జాతిని మందలోకి పిలుస్తుంది. అందుకని కళ్లు తెరవకముందే వాగు అవతల వదిలేసి రావాలి. ఆ పని మా తాత బీరన్నది. అంతకుముందూ చేశాడు. కొత్తకోడలు కాబట్టి అప్పట్లో అవ్వ నోరు మెదపలేదు. తాత మంచివాడే, కానీ తండ్రి ఒకమాట చెప్పి పోయాడంటే ఇక అందులో మంచీచెడూ చూసే మనిషి కాదు. తెల్లారి తీసుకుపోతానన్నాడు.

ఆ మధ్యాహ్నం అవ్వ పిల్లను ఒళ్లో పెట్టుకుని తుమ్మచెట్టు నీడన ఉన్ని వడుకుతోంది. దూరాన బీడు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దాచుకుని నిలబడ్డాయి. కదురు తిరుగుతుండగానే ఆమె కళ్లు మూతలు పడ్డాయి. అప్పుడా ఎండ నీళ్లలోంచి కుక్కలు నడిచి వచ్చాయట. ముందు ఈ తల్లికుక్క, దాని వెనక దాని తల్లి, ఆ వెనక దానికీ తల్లి, తను పెళ్లినాడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న కర్రికుక్క. అన్నీ నలుపే. మొరగవు, తోకలూపవు, ఆమెను దాటి మెల్లగా పోతున్నాయి. చివర వచ్చిన ముసలికుక్క ఒక్కటే ఆగి ఆమె చెయ్యి నాకింది. అది కర్రిదాని తల్లి. బూడిద రంగు, వీపు మీద నల్లచార. దాని మెడ పట్టుకునే అవ్వ నడక నేర్చింది. ఇన్నేళ్లూ దాన్నెలా మరిచానని ఆమెకు ఏడుపొచ్చింది.

ఈ పిల్లల తండ్రి కూడా ఆ కర్రిదాని మనవడే. బూడిద పోగు మీద నల్లపోగు కప్పి పేనితే పైకి నలుపే కనిపిస్తుంది, బూడిద ఎక్కడికీ పోదు. అటూ ఇటూ లోపల దాగిన ఆ పోగులు ఈ పిల్లలో కలిసి బయటపడ్డాయని అవ్వకు తోచింది. తాతతో చెబితే, కలలు చూసి మంద కాస్తామా అని నవ్వాడు.

తెల్లారేసరికి అవ్వా లేదు, పిల్లా లేదు. దారి పొడుగునా గొర్రెపాలలో తడిపిన గుడ్డ చీకిస్తూ ఆమె మక్తల్ వైపున్న పుట్టింటికి నడిచిపోయింది. తాత మండిపడుతూ వెంటపడి, మిట్టమధ్యాహ్నానికి ఆమె అన్న గుర్వయ్య మంద దగ్గరికి చేరాడు. అక్కడ నల్లగొర్రెల నడుమ తోడేలు వన్నె కుక్క ఒకటి పడుకుని ఉంది. దాని వీపు మీద గడ్డం ఆనించి ఒక గొర్రెపిల్ల నిద్రపోతోంది.

"మా తాతల కాడికెల్లి గీ వన్నెయి పుడుతనే ఉన్నయి బావా," అన్నాడు గుర్వయ్య. "ఒక్కటి గూడ గొర్రెను ముట్టలే."

తాత అవ్వ వైపు చూడకుండా అడిగాడు.

"అయితే గప్పుడు నేను వాగవుతల ఇడిసిన మూడు గూడ మనయేనా?"

"నాలుగు," అంది అవ్వ.

తాత పిల్లను ఆమె ఒళ్లోంచి తీసుకుని, గొంగడిలో రొమ్ముకు ఆనించుకుని ఇంటిదారి పట్టాడు. ఆ దారంతా పాలగుడ్డను కూడా అవ్వను పట్టనివ్వలేదట.