మూత మూస్తేనే వెలిగిన బల్బు

చిక్కమునియప్ప మామ బ్యాటరీ దగ్గరికి వస్తే ముందు మీటరు తీయడు. వంగి వాసన చూస్తాడు. "ఈయప్ప చార్జింగులో ఉడికిపోయినాడు" అంటాడు. లేదంటే "ఈయమ్మకి నీళ్ళు పోసి ఎన్నాళ్ళాయెనో పాపం" అంటాడు. ఆయన లెక్కలో బ్యాటరీల్లో ఆడా మగా ఉండారు. ఎట్ల కనిపెడతాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

యలహంక పాత ఊర్లో ఒక సందులో ఆయన అంగడి. మనిషి హిందూపురం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చేసినాడు. నలభై ఏండ్లుగా లారీ బ్యాటరీలు విప్పి, ప్లేట్లు కడిగి, మళ్ళా కడతా ఉండాడు. యాసిడ్ చుక్కలు పడి ఏ చొక్కా చూసినా బొక్కలే. నేను పెట్టిన పేరు జల్లెడ మామ. మొహం మీదనే అంటా ఉంటి.

"నాకు గాలన్నా ఆడతాది లేరా. నువ్వు ఆ టెర్లిన్ చొక్కాలో ఉడికి చస్తావు" అని నవ్వేవాడు.

నేను ఓబులేసుని. రెండువేల మూడులో నాకు ఇరవైయొకటి. ఊరి బయట చెరువులో తొక్కుడు పడవలు తిప్పే పద్మనాభం సార్ దగ్గర పని. ఉన్న ఒక్క మోటారు బోటూ నా చేతిలోనే, గట్టు మీద మైకూ నా చేతిలోనే. తొక్కుడు పడవ ఎక్కడన్నా ఇరుక్కుంటే మోటారు బోటులో పోయి లాక్కొని రావాల. రేడియోలు విప్పి విప్పి కరెంటు పని సొంతంగా నేర్చుకున్నా. నేర్పినోళ్ళు లేరు. తప్పురా అని చెప్పినోళ్ళూ లేరు.

ఆ బోటు బ్యాటరీని చూసుకునేది మామ. ప్రతి సోమవారం సైకిలు మీద వచ్చేవాడు. బ్యాటరీ పైన దుమ్ము తుడిచి, వైర్లు బిగించి, కొసలకి వాజలీను రాసి, తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. ఇంజను బెల్టు వదులైందేమో అని ఊపి చూసేవాడు. ఆఖర్న హైడ్రోమీటరు తీసేవాడు. గాజు గొట్టం, దాని నెత్తిన రబ్బరు బుడ్డి. బ్యాటరీ ఆరు గదుల్లోనుంచీ యాసిడ్ పీల్చి, లోపలి కడ్డీ ఎంత పైకి తేల్తాదో చూసేవాడు. ఎంత తేలితే అంత చార్జి ఉన్నట్టు.

"ఒక గది దిగితే రోగం ఆ గదిది. ఆరూ సమంగా దిగితే బయటోడు ఎవడో తాగతా ఉండాడని అర్థం" అనేవాడు. "లారీ బ్యాటరీ పోతే దిగి తోసుకోవచ్చప్పా. నీళ్ళ మీద పోతే యాడ దిగతావు?"

ఇంత పద్ధతిగా ఉండే మనిషిని ఉలిక్కిపడేట్టు చేయాలని నాకు బుద్ధి పుట్టింది.

కరెంటు తగిలితే అరిచే బొమ్మ కప్ప ఒకటి, చెడిపోయిన కాలింగ్ బెల్లు బటను ఒకటి నా దగ్గర ఉండె. బ్యాటరీ పెట్టె మూత తెరిస్తే కప్ప అరవాల. కానీ ఆ బటను నొక్కితేనే కరెంటు కలుస్తాది. నాకు కావాల్సింది దానికి తిరగేసి. అందుకని గుజిరీ అంగట్లో పాత సామాన్లలో దొరికిన కారు హారన్ రిలేని, అంటే కరెంటు తగిలితే లోపలి మీటని లాగి పట్టుకునే డబ్బీని, మధ్యలో పెట్టినా. మూత మూసి ఉన్నంతసేపూ బటను నొక్కుకొని ఉంటాది, రిలే పట్టుకొని ఉంటాది, కప్ప నోరు మూసుకొని ఉంటాది. దాని వైరు తీసుకుపోయి పంపు వైరుకి కలిపినా. బోటులోకి వచ్చే నీళ్ళు తోడే పంపు అది. మెయిన్ స్విచ్చి ఆపినా దానికి కరెంటు ఉండాల, అందుకని దాని వైరు నేరుగా బ్యాటరీకే.

సోమవారం మామ మూత ఎత్తినాడు. కప్ప అరిచింది. చేతిలో నీళ్ళ సీసా పోయి చెరువులో పడింది. నేను మైకులో అందుకున్నా, "జల్లెడ మామ దగ్గర కప్పలకు కూడా సర్వీసింగు చేయబడును." గట్టు మీదోళ్ళంతా నవ్వినారు. మామా నవ్వినాడు.

"తీసేయ్ దాన్ని. బ్యాటరీ పెట్టెలో బ్యాటరీ తప్ప ఇంకేమీ ఉండకూడదు" అన్నాడు.

కప్పని తీసేసినా. రిలే, బటనూ పెట్టె లోపలి పలక వెనక ఉండె, విప్పేదానికి బద్ధకమాయె. అరవనిది ఏం తాగతాదిలే అనుకున్నా.

మూడు వారాలకి బోటు స్టార్ట్ కాలేదు. మామ బ్యాటరీ తీసుకుపోయి చార్జి చేసి తెచ్చినాడు. ఆరు గదులూ సమంగా దిగినాయన్నాడు. మళ్ళా పోయింది. ఈసారి తన అంగట్లో నుంచి కొత్తది తెచ్చి పెట్టినాడు. నేను మైకులో "కొత్త పెండ్లికొడుకు వచ్చినాడు, ఎన్నాళ్ళు ఉంటాడో చూద్దాం" అన్నా. ఆ పొద్దు ఆయన నవ్వలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం గాలి లేచింది. తొక్కుడు పడవ ఒకటి గుర్రపుడెక్క పొదల్లోకి పోయి ఇరుక్కుంది. అందులో మొగుడూ పెండ్లామూ, ఒళ్ళో బిడ్డ. నేను స్టార్టరు నొక్కితే టిక్ అనింది, అంతే. ఇంకోసారి టిక్. వెదురుగడ వేసి తోసుకుంటా పోయి వాళ్ళని తెచ్చేసరికి గంట దాటింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి నీలుక్కొని ఉండె. ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు.

మరుసటి పొద్దున మామ వచ్చినాడు. బ్యాటరీ వైరు ఒకటి విప్పి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో చిన్న బల్బు తగిలించినాడు. అన్నీ ఆపేసి ఉన్నప్పుడు బల్బు వెలిగితే ఎవడో తాగతా ఉన్నట్టు. వెలగలేదు. పంపు వైరు కదిలించినాడు. వెలగలేదు. చెమట తుడుచుకున్నాడు.

"మునియప్పా, మీకు వయసైపోయింది" అన్నాడు పద్మనాభం సార్, పనోళ్ళందరి ముందర. "నిన్న ఆ బిడ్డకి ఏమన్నా అయ్యుంటే ఎవరు జవాబు చెప్పాల? ఇంక చాలు, రావద్దు."

మామ సంచి తీసుకొని సైకిలెక్కి పోయినాడు. ఆ బల్బు విప్పుకునేది కూడా మరిచిపోయినాడు.

చినుకులు పడినాయి. బ్యాటరీ తడుస్తాదని నేను మూత మూసినా. బయటికి వేలాడతా ఉన్న బల్బు ఎర్రగా వెలిగింది. మూత తీసినా. ఆరిపోయింది. మూసినా. వెలిగింది.

ఆయన ఎప్పుడు పరీక్ష చేసినా మూత తెరిచే కదా చేసింది. తెరిస్తే నా రిలే వదిలేస్తాది. మూసినంక రాత్రీ పగలూ తాగతాది.

పరిగెత్తి పోయి చెప్పాల్సింది. పోలేదు. రిలేని పీకి జేబులో వేసుకున్నా. వారానికి ఎవడో కొత్త మెకానిక్కు వచ్చినాడు. బ్యాటరీ గట్టిగా నిలబడింది. "చూసినావా ఓబులేసూ, మనిషి మారితే బ్యాటరీ బాగుపడింది" అన్నాడు సార్. నేను తల ఊపినా. నేను చేసినవాటిలో ఆ తల ఊపడం కంటే నీచమైంది ఇంకోటి లేదు.

ఆయుధపూజకి మామ అంగడికి పోయినా. పూజకి పంచే బొరుగులు తినేదానికే పోయినానని నాకు నేను చెప్పుకున్నా. స్పానర్లు, చార్జరు, సైకిలు, అన్నిటికీ కుంకుమ, పూలు. హైడ్రోమీటరు కనపడలేదు. మామ కూతురు నాగలక్ష్మక్కని మెల్లగా అడిగినా.

"నాయన బీరువాలో పెట్టేసినాడు" అనింది. "ఆరు గదులూ సమంగా దిగినా తాగేటోణ్ణి పట్టలేకపోతిని, నా కండ్లు పోయినాయి అంటాడు. ఉగాదికి అంగడి మూసేస్తాడంట."

బొరుగులు పక్కన పెట్టినా. జేబులోంచి రిలే తీసి మామ ముందర పెట్టినా.

"కప్పని తీసేసినా మామా. దీన్ని తీయలేదు."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. "మూత మూస్తే పట్టుకుంటాదా?"

"పట్టుకుంటాది మామా."

"నేను తెరిచి చూస్తా ఉంటి." రిలేని బల్ల మీద పెట్టినాడు. "నీకు తెలిసి ఎన్ని దినాలాయె?"

"పదైదు."

తిట్టి ఉంటే బాగుండు. "ఎంత తాగతాదో కొలిచినావా?" అన్నాడు.

"లేదు మామా."

"కొలువు."

"నాయనా, ఈ పొద్దు ఆయుధాలు ముట్టకూడదు" అనింది అక్క.

"అయితే రేపు రా" అన్నాడు నన్ను చూడకుండా.

మరుసటి పొద్దున కూర్చోబెట్టి నా చేతనే కొలిపించినాడు. ఆరు దినాలు బోటు కట్టేసి ఉంటే సగం బ్యాటరీ పోతాది. సగం కడుపుతో నిలబెట్టిన బ్యాటరీ ప్లేట్ల మీద తెల్లగా పొర పేరుకొని, కొత్తదైనా చెడిపోతాదని నాకు ఆ పొద్దే తెలిసింది. అక్కణ్ణించి సైకిలు వెనక కూర్చోబెట్టుకొని చెరువు దగ్గరికి తీసుకుపోయినాడు.

"సార్‌కి చెప్పు" అన్నాడు. చెప్పినా.

పద్మనాభం సార్ అక్కడికక్కడే నన్ను పనిలోంచి తీసేసినాడు. మామని మళ్ళా రమ్మన్నాడు.

"సోమవారం వస్తా" అన్నాడు మామ. "ఇంకమీద మూత మూసి కూడా చూస్తా. అది నేను చేసుండాల్సింది." అది విని నాకు ఇంకా సిగ్గాయె.

ఇప్పుడు నేను మామ అంగట్లో పని చేస్తా ఉండా. "నువ్వు దూరంగా ఉంటే ఎక్కడ ఏం పెడతావో, కండ్ల ముందరే ఉండు" అన్నాడు. నా చొక్కాకి కూడా బొక్కలు పడినాయి. రిలేని దాని బటనుతో సహా వాకిట్లో మేకుకి తగిలించినాడు. వచ్చినోళ్ళు అదేమిటని అడిగితే తను చెప్పడు. "ఆ కత ఓబులేసు చెప్తాడు" అంటాడు.

నిన్న ఒక ఆటో అతను అడిగినాడు. మామ హైడ్రోమీటరు తుడుచుకుంటా నా వైపు చూసినాడు. మొదట్నించీ చెప్పినా, మైకు లేకుండా.