పేర్లు చెప్పకూడని ఇల్లు

వఫ్రాలో నేను ఒంటికాయ శొంఠికొమ్మును. డెబ్బైల చివర కువైట్ చేరిన నన్ను నీళ్ళ పైపులు వేసే కంపెనీ ఒకటి తీసుకెళ్ళి, దేశానికి దక్షిణపు కొసన, టమాటా తోటల మధ్య తమ స్టోరు షెడ్డులో కూర్చోబెట్టింది. స్టోర్‌కీపరంటే మా కోనసీమలో మావాళ్ళు గొప్పగానే చెప్పుకున్నారు. నిజానికి అక్కడున్నవి పైపులు, వాల్వులు, బూట్లు, దుప్పట్లు, వాటికో రిజిస్టరు, ఆ రిజిస్టరుకి నేను. ఆరు రోజులు లారీలొచ్చి సరుకు ఎక్కించుకుపోయేవి. శుక్రవారం సెలవు. ఆ రోజు కంటికి కనిపించే మనిషి తోట అవతల గొర్రెలు కాసే ముసలాయన ఒక్కడే, ఆయన భాష నాకు రాదు. బస్సులు లేవు. సెలవంటే జనం ఎందుకంత సంబరపడతారో నాకు ఆ రోజుల్లో అర్థమయ్యేది కాదు.

షెడ్డులో ఒక వైర్‌లెస్ సెట్టుండేది. మీట నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. అలాంటిదే సిటీలో హెడ్డాఫీసులో ఒకటి, ఫింటాస్‌లో ఇళ్ళు కడుతున్న చోట ఒకటి. పనిరోజుల్లో దాంట్లో అన్నీ ఇంగ్లీషు అంకెలే, ప్రతి మాట చివరా ఒక "ఓవర్". ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉండబట్టలేక మీట నొక్కి, "ఎవరైనా ఉన్నారా బాబూ" అని తెలుగులోనే అరిచాను. రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ పలికాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

హెడ్డాఫీసు గొంతు గోదావరి యాసలో మాట్లాడే పెద్దాయనది. సెలవు రోజు డ్యూటీ ఆయన నెత్తిన పడేదట. ఫింటాస్ గొంతు బొంగురుది, రాయచోటి మాట. రెండు వారాలు కబుర్లు చెప్పుకున్నాం, ఏ చోటి నుంచో తప్ప పేర్లూ పనులూ ఎవరం అడగలేదు. మూడో వారానికి చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. ఎండ, ఉక్క, ఉత్తరం రాలేదు, అంతే. అప్పుడు పెద్దాయనే అన్నాడు.

"ఇలాగైతే లాభం లేదండీ. మనం ముగ్గురం ఒకింట్లో ఉన్నట్టు ఆడుకుందాం. నేను నాన్నని. ఫింటాసాయనా, మీరేటవుతారు?"

"నేను అక్కనైతాప్పా," అంది బొంగురు గొంతు. "మాయమ్మ చిన్నప్పుడే పోయింది. మాయక్కే సాకింది నన్ను. ఆయమ్మ ఎట్ల మాట్లాడేదో నాకు బాగా తెలుసు."

మిగిలింది తమ్ముడు. అది నేను.

నియమం ఒకటే. పేరు చెప్పకూడదు, అడక్కూడదు. ఊరు, ఉద్యోగం, క్యాంపు, ఏవీ వద్దు. "పేరు తెలిస్తే మనిషి కనబడతాడు. మనిషి కనబడితే ఇల్లు నిలబడదండీ," అన్నాడు నాన్న. ఎవరు కట్టు తప్పినా పావుగంట మీట ముట్టుకోకూడదు. అంతకంటే పెద్ద శిక్ష మాకు ఇంకేముంటుంది? అయినా పేరెత్తకుండా బతకడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. మా అమ్మ మా నాన్న పేరు ఒక్కసారి కూడా పలక్కుండానే ముప్పై ఏళ్ళు కాపురం చేసింది.

అలా రెండేళ్ళు శుక్రవారం శుక్రవారం మాకో ఇల్లుండేది. ఆ ఇంట్లో ఒక పాలివ్వని గేదె, పక్కింటివాళ్ళతో మునగచెట్టు తగాదా, నాన్న దాచుకునే చుట్టలు ఉండేవి. "ఎవడ్రా నా చుట్టలు తీసింది?" అని నాన్న గర్జిస్తే అక్క నన్ను వెనకేసుకొచ్చేది. ఆమె తీసి నా మీదికి తోసిన రోజులూ ఉన్నాయి. ఎవరైనా ఇంజనీరు విన్నా పైపుల గోలేదో అనుకునుంటాడు.

ఆట మొదట్లో అక్క ప్రతిసారీ ఒకటే అడిగేది. "ఏందిరా తమ్ముడా, తిన్యావా?"

తిన్నానని చెప్పేవాణ్ణి.

"అబద్దాలాడొద్దురా. గొంతులోనే తెలుస్తాంది. పో, ఇంత ఉడకేసుకోని తినిరా, మేమాడికీ పోం."

నేను లేచి వెళ్ళి అన్నం వండుకునేవాణ్ణి. నవ్వుతారేమో గానీ, ఆ రెండేళ్ళలో నాకంటూ వేడన్నం ఉన్నది శుక్రవారాలే. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ బొంగురు గొంతుని నేను ఏ రోజూ మగగొంతుగా వినలేదు. నిజం చెప్తున్నాను, మా ఇంటి ఉత్తరం కంటే దాని కోసమే ఎక్కువ ఎదురుచూశాను.

ఆ శుక్రవారం అక్క మాట ఆగి ఆగి వచ్చింది. "తమ్ముడా, కడుపులో యాడనో పట్టేసినట్లుందిరా. నిలబడల్యాకుండా ఉండా."

కొత్త కథేదో మొదలెట్టిందనుకున్నాను. "నాన్నా, అక్క మునక్కాడలు ఎన్ని తిందో అడుగు!" అన్నాను. నాన్న ఇంకో మాట కలిపాడు. ఇద్దరం పగలబడి నవ్వాం.

"ఆట కాదప్పా," అంది గొంతు. "నిజింగానే చెప్తాండా. నేను ఈడ సైటులో ఒక్కన్నే..."

"సైటన్నాడు! ఒక్కన్నే అన్నాడు!" నాన్న ఎగిరి గంతేసినట్టు అరిచాడు. "కట్టు తప్పింది! పావుగంట మౌనం!"

నేను చప్పట్లు కొట్టాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పావుగంట అయింది, అరగంట అయింది. అక్క రాలేదు. అలిగిందన్నాడు నాన్న, నేనూ అదే అనుకున్నాను. వారమంతా పనిలో పడి, అలకే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తరువాతి శుక్రవారం ఎంత పిలిచినా ఫింటాస్ నుంచి గరగర తప్ప ఏమీ లేదు.

"ఆయన పేరేంటండీ?" అని నాన్నని అడిగాను.

"పేరు అడక్కూడదని మనమే పెట్టుకున్నాం కదండీ," అన్నాడాయన. మొదటిసారి ఆయన గొంతు ముసలిగా వినిపించింది.

అప్పటికప్పుడు షెడ్డుకి తాళం వేసి, పెద్ద రోడ్డు దాకా నడిచి, టమాటాలు తీసుకెళ్తున్న పికప్పులో బుట్టల మధ్య కూర్చుని ఫింటాస్ వెళ్ళాను. మనిషి బతికే ఉన్నాడా, అదొక్కటే నాకు తెలియాలి. దారంతా నా నవ్వే నాకు వినిపించింది. ఎంతకీ తరగని దారి అది.

కంపెనీ క్యాంపులో పొడుగాటి రేకుల హాలు, వరసగా మంచాలు. సగం మంది కడప, రాయచోటి వాళ్ళే. శుక్రవారం వైర్‌లెస్‌లో మాట్లాడే ఆయన కావాలన్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియదు, దొంగచాటు ఆట కదా. పేరేంది సార్ అన్నారు. తెలియదన్నాను. ఎట్లుంటాడన్నారు. అదీ తెలియదు. రెండేళ్ళు ఒకింట్లో ఉన్న మనిషిని గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటి చెప్పలేకపోయాను, ఆ కంగారులో కడుపునొప్పి సంగతి కూడా తోచలేదు. సిగ్గు వేసింది, కోపం వచ్చింది. చివరికి హాలు మధ్యలో నిలబడి గట్టిగా, "అక్కా!" అని పిలిచాను.

జనం నవ్వారు. "ఈడ ఆడోళ్ళు ఉండరు సార్," అన్నాడొకడు.

చివరి మంచం మీది నుంచి నీరసంగా, బొంగురుగా వినిపించింది. "ఏందిరా తమ్ముడా. తిన్యావా?"

నెరిసిన గడ్డం, యాభై దాటిన మనిషి, సైటు కాపలాదారు. కడుపు మీద పెద్ద కట్టు. లోపల పేగేదో పగిలిందట. నీళ్ళ ట్యాంకరు డ్రైవరెవరో సైటులో పడి ఉన్న ఆయన్ని చూసి ఆసుపత్రికి చేర్చాడట, ఇంకో గంటైతే ఖలాస్ అన్నారట డాక్టర్లు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "నవ్వానక్కా, నవ్వాను," అన్నాను. "ఊరుకోరా, ఆట కదా," అని ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

అక్కడితో లేచి వచ్చేసినా బాగుండేది. పక్క మంచం మనిషి, "మీరెవురు సార్?" అని అడిగాడు. తమ్ముణ్ణి అంటే సరిపోయేది. నోటికి అలవాటైన ప్రకారం నా పేరు చెప్పాను, వఫ్రా స్టోర్‌కీపరునని కూడా చెప్పాను.

నా తల మీద చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. ఆయన కట్టు పట్టుకుని లేవబోయాడు. "మీరా సార్? స్టోరు సారా?" అని, తన పేరు చెప్పాడు.

ఆ పేరు నాకు తెలుసు. రెండేళ్ళుగా నా రిజిస్టరులో ఉంది. బూట్లు ఎనిమిదో నంబరు, దుప్పటి ఒకటి. మొన్న చలికాలం రెండో దుప్పటి కావాలని కాగితం పంపితే, మనిషికి ఒకటే అని ఎర్రసిరాతో కొట్టి తిప్పి పంపింది నేనే. చలి ఎక్కువగా ఉందని అక్క అన్న రోజే ఆ కాగితం వచ్చి ఉండొచ్చు. నాన్న చుట్టల పొగ దగ్గర కూర్చోమని నేను జోకేసి ఉండొచ్చు.

ఆయన్ని బలవంతంగా పడుకోబెట్టాను. పక్కవాడు నా కోసం కుర్చీ తెచ్చాడు. ఆయన వాడిని కసిరి దాన్ని తుడిపించాడు.

మర్నాడే లారీలో రెండు దుప్పట్లు పంపాను. నెల తరువాత ఆయన డ్యూటీకి వచ్చాడు. ఆ శుక్రవారం నేను పొద్దున్నుంచీ సెట్టు ముందు కూర్చున్నాను. పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నానికి గరగర మధ్యలోంచి గొంతు వచ్చింది.

"సార్, నమస్తే సార్. దుప్పట్లు ముట్టినాయి సార్. ఓవర్."

నాన్న మధ్యలో దూరి, "అయ్యో, పేర్లు చెప్పేసుకున్నారా," అని ఊరుకున్నాడు.

నేను మీట నొక్కి, "అక్కా, నేనింకా అన్నం తినలేదు," అన్నాను.

ఎంతో మర్యాదగా, "తినండి సార్. ఓవర్," అన్నాడాయన.