లక్ష్మణమ్మ మార్చి చదివిన సీరియలు

పొందూరు నేతగాళ్ళ వీధిలో లక్ష్మణమ్మ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆవిడ పాటలు పాడే మనిషి కాదు, చదివే మనిషి. మధ్యాహ్నం అన్నాలయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్ళు రాట్నాలు మోసుకొచ్చి ఆవిడ అరుగు మీద వరసగా కూచునేవారు. ఆవిడ గోడకి చేరబడి వారపత్రిక విప్పేది. చదివినంతసేపూ ఆవిడ వంతు దూది ఏకులు తలా రెండు తీసుకుని వాళ్ళే వడికేసేవారు. పత్రిక ఖాదీ కేంద్రం గుమాస్తా గణపతిరావుది. ఆయన భార్య చదవడం అయ్యాక శుక్రవారం శుక్రవారం లక్ష్మణమ్మకి పంపించేవాడు.

ఆవిడకప్పటికి నలభై రెండేళ్ళు. మొగుడు పోయి పదేళ్ళయింది. పిల్లల్లేరు. తండ్రి జోగయ్య కట్టిన పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. జోగయ్య బతికున్నన్నాళ్ళూ ఆ వీధికి పెద్ద. ఆయన గొంతు సవరించుకుంటే నలుగురూ లేచి నిలబడేవారు. ఆయన ఇంట్లో ఆడపిల్లలకి అక్షరాలు రావడం ఆయనకి తెలియకుండా జరిగిన పని. పెద్దకూతురు బుల్లమ్మ ఎవరి దగ్గరో నేర్చుకుని, పొయ్యి బూడిద నేలమీద పరిచి చెల్లెలి చేత వేలితో దిద్దించింది. ఆ బుల్లమ్మ పాతికేళ్ళ కిందట అమ్మవారు పోసి, మశూచితో చచ్చిపోయిందని వీధిలో చెప్పుకునే మాట. అడిగినవాళ్ళకి లక్ష్మణమ్మా అదే చెప్పేది.

అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఆ సీరియలు మొదలయింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, కనకవల్లి, శాంత. గోదావరి ఒడ్డున ఎక్కడో మేడ. మేడలో ఒక గదికి ఎప్పుడూ తాళం. ఆ గదిలో ఏం జరిగిందో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. రాసినావిడ వారానికి కొంచెం కొంచెంగా విప్పుతూ వచ్చింది. ఈ అరుగు మీద ఆడవాళ్ళకి కనకవల్లీ శాంతా పక్కింటి పిల్లలైపోయారు. కథలో కనకవల్లి మొగుడు చచ్చిపోయిన వారం, పొరుగింటి అసిరమ్మ ఇంటికెళ్ళి ఆ పూట అన్నం సరిగా తినలేదు. అసిరమ్మ కొత్తకోడలు పైడితల్లి, విజయనగరం పిల్ల, ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నది, వెనకాల కూచుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరికన్నా పెద్దది జగ్గమ్మ. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. తండ్రి పాత్ర మాట్లాడినప్పుడల్లా పళ్ళు నూరి తిట్టేది.

ఏడో వారం గది సంగతి బయటపడింది. విధవగా పుట్టింటికొచ్చిన కనకవల్లికి కడుపొచ్చింది. తండ్రి ఏదో మందు తాగించి, ఆ గదిలో పెట్టి గడియ వేశాడు. శాంతని గుమ్మంలో కాపలా కూచోబెట్టాడు. ఆ మాట చదువుతూ లక్ష్మణమ్మ ఆగిపోయింది. దగ్గొచ్చిందని చెప్పి, నీళ్ళు తాగి, మిగిలింది గబగబా చదివేసింది.

అసిరమ్మకి కోపం ఆగలేదు. "ఆ శాంత మనిసా, మానా? తోడబుట్టింది లోపల కొట్టుకుంతంటే గుమ్మం మీద కూకుంతాదా? ఆ సేతులు పడిపోను."

మిగిలినవాళ్ళూ తలో మాట అన్నారు. తండ్రిని తిట్టింది కొంచెం, శాంతని తిట్టింది ఎక్కువ. తండ్రి ఎలాగా రాక్షసుడే, ఆడపుట్టుక పుట్టి దానికేం వచ్చిందన్నారు. జగ్గమ్మ మాత్రం ఆవేళ ఏమీ అనలేదు. తలొంచుకుని దారం చూసుకుంది.

అందరూ వెళ్ళాక లక్ష్మణమ్మ ఆ పేజీ మళ్ళీ చదివింది. రాసినావిడకి ఇదంతా ఎవరు చెప్పారో ఆవిడకి అర్థం కాలేదు. ఎందుకంటే బుల్లమ్మకి అమ్మవారు పోయలేదు. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన ఏడాదికి ఆవిడకీ కడుపొచ్చింది. ఎవరివల్లో ఎన్ని దెబ్బలు కొట్టినా చెప్పలేదు. జోగయ్య ఎక్కణ్ణించో నాటుమందు తెచ్చి తాగించాడు. మర్నాటికీ నెత్తురు ఆగలేదు. కూతుర్ని మగ్గం గదిలో పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టి, అమ్మవారని వీధిలో చాటాడు. వేపమండలు చూసి ఎవరూ గడప తొక్కలేదు. తల్లి అప్పటికే లేదు.

మూడోనాడు పొద్దున్న జోగయ్య సంతకి వెళుతూ, పదిహేడేళ్ళ లక్ష్మణమ్మని గుమ్మంలో కూచోబెట్టి, ఎవర్నీ లోపలికి రానివ్వొద్దన్నాడు. ఆవేళే మిషను ఆస్పత్రి నర్సు లీలారాణి మందులపెట్టెతో ఊళ్ళోకొచ్చింది. మశూచి ఇల్లని విని తిన్నగా వచ్చేసింది. భయపడొద్దమ్మా, నాకది అంటుకోదు, ఒక్కసారి చూసి వెళ్ళిపోతానంది. తలుపుకి గడియ కూడా లేదు, చేరవేసి ఉందంతే. లక్ష్మణమ్మ లేచి ఆ తలుపుకి అడ్డంగా నిలబడి, "అప్ప ఇప్పుడే నిద్దరోయిందండి, సాయంత్రం రండి" అంది. లోపల్నించి బుల్లమ్మ ఆ మాట వింది. "లచ్చిమీ" అని చెల్లెల్ని పిలిచింది. ఒక్కసారే. నర్సు ఓ నిమిషం నిలబడి, సరే సాయంత్రమే వస్తానని వెళ్ళింది. ఆవిడ మళ్ళీ వచ్చేసరికి పాడె కడుతున్నారు.

ఆ పొద్దున ఇంట్లో తండ్రి లేడు. కర్ర పట్టుకుని ఎవరూ ఎదురుగా నిలబడలేదు. ఆ మాట లక్ష్మణమ్మ నోటంట లక్ష్మణమ్మే అంది. పాతికేళ్ళుగా ఆవిడని తినేస్తున్నది అదే. తండ్రి చేసిన పని తండ్రితో కాటికి పోయింది. ఇది పోలేదు.

తరవాతి శుక్రవారం పత్రిక రాగానే ముందుగా ఒక్కతే చదువుకుంది. డాక్టరు మేడకి వచ్చాడు. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. అక్కకి ఒంట్లో బాగానే ఉందని శాంత డాక్టర్ని గుమ్మంలోంచే పంపించేసింది. ఇది చదివితే అసిరమ్మ ఏమంటుందో లక్ష్మణమ్మకి ముందే వినిపించింది.

మధ్యాహ్నం అరుగు మీద కూచుని చదవడం మొదలుపెట్టింది. డాక్టరు వచ్చే దాకా ఉన్నదున్నట్టే చదివింది. అక్కడ పేజీ మీద చూపు కదలకుండా, తండ్రి శాంత వెనకే కర్ర పట్టుకుని నిలబడ్డాడని చదివింది. నోరు మెదిపితే ఇద్దర్నీ చంపేస్తానన్నాడని చదివింది. డాక్టరు వెళ్ళాక శాంత తలుపు మీద పడి గోళ్ళు ఊడేలా గీరిందని చదివింది.

రాట్నాలు ఆగిపోయాయి. అసిరమ్మ ముక్కు చీదుకుంది. "అది మాత్రం ఏటి సేత్తాది, సిన్నగుంట. అంత మనిసి కర్రట్టుకుని నిలబడితే."

ఆ మాట విన్న రోజు లక్ష్మణమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది. ఆషాఢం నెల్నాళ్ళూ అలాగే నడిపింది. శాంత కిటికీలోంచి అక్కకి గంజి అందించిందని చదివింది, పట్టుబడి దెబ్బలు తిందని చదివింది. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. శాంతని తిట్టినవాళ్ళే శాంత కోసం కళ్ళు తుడుచుకున్నారు. ఏదో నేరం మాఫీ అయినట్టు ఆవిడ మొహం తేటపడింది. పని చేసుకుంటూ ఉన్నట్టుండి ఆ తలుపు తనూ తీయబోయినట్టు, వెనకనించి తండ్రి జుట్టు పట్టుకు లాగినట్టు తోచేది. అది నిజమే అయ్యుంటుందనుకునేది. పాతికేళ్ళ కిందటి సంగతి, తనే మరిచిపోయి ఉంటుంది.

ఆషాఢానికి పుట్టింటికెళ్ళిన పైడితల్లి శ్రావణంలో తిరిగొచ్చింది. వాళ్ళ విజయనగరం ఇంట్లోనూ ఆ పత్రిక వస్తుంది. ఆ నాలుగు సంచికలూ అత్తకి చూపిద్దామని పెట్టెలో పెట్టి తెచ్చుకుంది. వచ్చిన మొదటి శుక్రవారం అరుగు మీద కూచుంటే అసిరమ్మ కోడలికి జరిగిన కథ చెప్పుకొచ్చింది, శాంత ఎన్ని కష్టాలు పడిందో, తండ్రి ఎలా కొట్టాడో. పైడితల్లి ఆశ్చర్యంగా చూసి, అలాగ లేదత్తా అంది. తండ్రి ఊళ్ళోనే లేడు, శాంతే డాక్టర్ని పంపేసింది, తరవాత తలుపు గొళ్ళెం కూడా తనే బిగించింది, కావాలంటే చూడమని సంచికలు తెచ్చింది. అందులో పాపం ఏమీ లేదు, పిల్ల చదివింది చెప్పిందంతే.

అసిరమ్మ మొదట నవ్వింది. అయితే ఇన్నాళ్ళూ నీ సొంత కథ చెప్పి మా చేత ఏకులు వడికించావా అని లక్ష్మణమ్మని వేళాకోళం ఆడింది. లక్ష్మణమ్మ ఒళ్ళో పత్రిక మూసి, మడిచి, మళ్ళీ విప్పింది. నవ్వు ఆగిపోయింది. ఎందుకలా మార్చావని అసిరమ్మ మామూలుగానే అడిగింది. అడిగాక ఆవిడ మొహం చూసి భయపడింది.

"మా అప్పకి అమ్మోరు పొయ్యనేదు" అంది లక్ష్మణమ్మ. "కడుపుకి మందిచ్చినారు. అయ్య సంతకెల్లినప్పుడు నర్సమ్మ వచ్చినాది. నానే ఎనక్కి పంపీసినాను. నన్నెవులూ బెదిరించనేదు."

ఏ రాట్నమూ తిరగడం లేదు. వీధిలో బండి ఒకటి వెళ్ళింది. తరవాత జగ్గమ్మ నేలకేసి చూస్తూ అంది.

"నాకు తెలుసే. ఈదిలో పెద్దోళ్ళందరికీ తెలుసు. అమ్మోరు పోసినింట నెత్తురు గుడ్డలెందుకుంటాయి? మూడ్రోజులు ఆ మూలుగు మా గోడకవతలే. మీ అయ్యకి బయపడి నోరు మూసుకున్నాం."

లక్ష్మణమ్మ ఆవిడకేసి తిరిగింది. ఈ పాతికేళ్ళూ తను కప్పుకున్నాననుకున్నది వీళ్ళ కళ్ళ ముందే ఉంది. అమ్మవారు పోసిందని తను చెప్పినప్పుడల్లా ఈ జగ్గమ్మ తలూపింది. ఏటేటా బుల్లమ్మ తద్దినానికి వచ్చి తను వడ్డిస్తే తింది.

"నర్సమ్మ మీ గుమ్మం ముందునించే కదా పెద్దమ్మా ఎల్లినాది" అంది. "ఒక్క మాట సెప్పకపోయినారా?"

"సెప్పనేదు" అంది జగ్గమ్మ.

అసిరమ్మ తన ఏకులు గంపలో సర్దుకుంది. లక్ష్మణమ్మ వంతులోంచి తను తీసుకున్న రెండు ఏకులూ వడక్కుండానే అరుగు మీద పెట్టి లేచింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి ఎదురుచూస్తూ లక్ష్మణమ్మ గోడకి ఆనుకుని అలాగే కూచుంది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జగ్గమ్మకి లేవడం కష్టం. రోజూ లక్ష్మణమ్మే చెయ్యి పట్టుకుని లేపేది. ఆవేళ ముసలిది రెండు చేతులూ నేలకి ఆన్చి తనే లేచింది.

మర్నాటి నుంచి రాట్నాలు అసిరమ్మ అరుగు మీదికి మారాయి. చదవడానికి పైడితల్లి ఉంది. గణపతిరావు పంపిన పత్రికని లక్ష్మణమ్మే గోడ మీంచి అందించేది. అసిరమ్మ తీసుకునేది. నీళ్ళ గురించో, వాన గురించో ఓ మాట అనేది, అంతే. జగ్గమ్మ ఆ శీతాకాలం రాకముందే మంచాన పడి చచ్చిపోయింది. బతికుండగా లక్ష్మణమ్మ చూడ్డానికి వెళితే గోడవైపు తిరిగి పడుకుంది.

దసరాలకి సీరియలు అయిపోయింది. ఆఖరి సంచికని గోడ మీంచి అందించే ముందు లక్ష్మణమ్మ పెరట్లో నిలబడే చదివింది. పాత పనివాడు గొళ్ళెం విరగ్గొట్టి కనకవల్లిని బయటికి తెచ్చాడు. డాక్టరు బతికించాడు. శాంత అక్క కాళ్ళ మీద పడింది, అక్క లేవదీసి గుండెకి హత్తుకుంది. మధ్యాహ్నం పైడితల్లి అది చదువుతుంటే పక్క అరుగు మీద సంతోషంతో ఏడ్చిన ఏడుపులు గోడకివతల లక్ష్మణమ్మకి వినబడ్డాయి.

ఆవిడ పోస్టుకార్డు తెప్పించుకుని పత్రికవాళ్ళకి ఉత్తరం రాసింది. మీ సీరియలు మా వీధి ఆడవాళ్ళందరం కలిసి చదువుకున్నామని మొదలుపెట్టి, ముగింపు మాత్రం అబద్ధమని రాసింది. గొళ్ళెం విరగ్గొట్టడానికి ఎవరూ రారని, అందరికీ వినిపిస్తుందని, అయినా రారని, అక్క చచ్చిపోతుందని, శాంత బతికే ఉంటుందని, రోజూ వంట చేసుకుని తింటుందని రాసింది. కార్డు అంచుల దాకా రాసింది.

కార్తీకంలో పాఠకుల ఉత్తరాలలో ఆవిడ పేరు పడింది. మొదటి వాక్యం ఒక్కటే వేశారు. దాని కిందా మీదా ఉన్నవన్నీ ముగింపుని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలు. నీ పేరు పుస్తకంలో పడిందని అసిరమ్మ గోడ దగ్గరకొచ్చి చెప్పి వెళ్ళింది.

ఓ పొద్దున పైడితల్లి ఎవరూ చూడకుండా పెరటి దారిన వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి, "నాను ఆవేళ సెప్పకుండా ఉండవలిసింది అత్తా" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నువ్వు ఉన్నదే సెప్పినావు" అంది లక్ష్మణమ్మ.

పిల్ల ఇంకేదో అనబోయింది. అవతల అసిరమ్మ కోడల్ని పిలిచింది. పైడితల్లి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. లక్ష్మణమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, ఒక్కరికి సరిపడా బియ్యం కడిగింది.